లాభం, రెండు, మూడు

ఆ రోజు పొద్దున్న ధనరాజు వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా బాలగంగాధరం మాస్టారి కాయలు లెక్కపెట్టడం సగమైనా అవ్వాలి. తొమ్మిదింటికి సినిమావాళ్ళు మళ్ళీ గొడౌన్లో దిగాలి. భోజనాల వేళకి వాళ్ళ పని ముగియాలి. పొద్దుగూకేసరికి ధనరాజు కొబ్బరి కొట్టు పేరు రెండు రాష్ట్రాలకీ తెలిసే ఏర్పాటు పూర్తవ్వాలి. ఇంత పనికీ తన జేబులోంచి కదిలేది ఏమీ లేదు. అలాంటి లెక్క ఒకటి తెల్లారగట్ల తట్టిందంటే ధనరాజుకి కాఫీలో పంచదార తక్కువైనా తెలిసేది కాదు.

కొత్తపేట నుంచి అంబాజీపేట వెళ్ళే దారిలో కాలవ గట్టున ఉంటుంది ఆ కొట్టు. చుట్టుపక్కల తోటల్లో దింపిన కాయలు కొని, అటక మీద నెలల తరబడి ఎండనిచ్చి, కురిడీ చేసి అమ్మడం వ్యాపారం. కొనేది లెక్క మీద, అమ్మేది తూకం మీద. చూసేవాళ్ళు గొడౌను, లారీ, కాటా చూసి ఇదే ధనరాజు పెట్టుబడి అనుకుంటారు. అసలు పెట్టుబడి పాపారావు నోరు.

పాపారావు నలభై ఏళ్ళుగా ఆ కొట్టుకి లెక్క మనిషి. రైతులు కాయలు బండికెత్తించి పంపేసి ఇంట్లో కూర్చునేవారు. పాపారావు ఎంతంటే అంత. రెండోసారి లెక్కపెట్టమన్న రైతు ఇంతవరకూ లేడు. కాలవకి అవతలి గట్టున ఇంకో కొట్టుంది. అక్కడ ప్రతి రైతూ తన మనిషిని వెంటేసుకుని వెళ్తాడు, ప్రతి రాశి దగ్గరా గంటసేపు తగువు నడుస్తుంది. ఆ గంటలన్నీ ధనరాజుకి మిగిలిన గంటలు. అందుకే గుమ్మం మీద బోర్డు రాయించేటప్పుడు వేరే గొప్పలేవీ రాయించలేదు. “ధనరాజు కొబ్బరి కొట్టు – లెక్కకు నమ్మకం” అని ఊరుకున్నాడు.

పాపారావు లెక్కకి ఒక పద్ధతి ఉంది. రాశి ముందు తన తువ్వాలు పరుస్తాడు. ఒంగి, కుడిచేత్తో రాశిని తాకి, కళ్ళకద్దుకుని, “లాభం” అంటాడు. పాతకాలం వాళ్ళు ఒకటి అనరు కదా. ఆపైన “రెండు, మూడు” అంటూ రెండు చేతుల్లో రెండేసి కాయల చొప్పున విసురుకి నాలుగు కాయలు పక్కన పడేస్తాడు. ఇరవై ఐదు పిలిచేసరికి వంద. ఆ వంద మీద నాలుగు కాయలు కొసరు వేసి, తువ్వాలు మీద ఒక ఈనె పుల్ల పెట్టి, మళ్ళీ రాశిని తాకి “లాభం” అంటాడు. తువ్వాలు పరిచి ఉందంటే లెక్క నడుస్తోందని అర్థం. దాన్ని దాటి కాయ ముట్టుకునే హక్కు ధనరాజుకి కూడా లేదు.

వందకి నాలుగు కొసరు కొట్టువాడికి ఊరికే వచ్చేది. అది తాతల నాటి మామూలు. దానిమీద మాత్రం బాలగంగాధరం మాస్టారికి పాతికేళ్ళుగా కడుపుమంట. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ధనరాజుకి ఎక్కాలు నేర్పినాయన. “కొసరన్నది అధర్మం ధనరాజూ. వందకి నాలుగంటే వెయ్యికి నలభై. ఇది మర్యాదగా చేసే దొంగతనం,” అని ప్రతి దింపుకీ ఒకసారి అనేవారు. ధనరాజు “ఆయ్, మరేనండి మాస్టారూ” అని ఒప్పుకుని, కొసరు తీసుకునేవాడు.

ఇంత కొసరు వస్తున్నా ఏడాది చివర కురిడీ లెక్క చూసుకునేసరికి ఆ పైకాయలు ఎక్కడా కనిపించేవి కావు. అది ఎలకల పని అని ధనరాజు ఏనాడో తేల్చేశాడు. అందుకని రెండు పిల్లుల్ని పెట్టి, పూటకి అరలీటరు పాలు పోయించేవాడు.

“ఇన్నేళ్ళలో ఒక్క ఎలకని పట్టింది లేదు ఇవి. అయినా ఎలక కొబ్బరికాయ ఎక్కడికి మోసుకెళ్తదండీ?” అనేది భార్య ఇందిర.

“నీకు తెలీదు. వ్యాపారంలో తరుగంటే ఎలకే,” అనేవాడు ధనరాజు.

ఇక సినిమావాళ్ళ సంగతి. హైదరాబాదు నుంచి రాజ్‌కుమార్ అనే డైరెక్టరు వచ్చి, బాక్సింగ్ పోటీలు జరిగే చోటుకి పాత గొడౌను కావాలని అడిగాడు. అద్దె మాట ఎత్తబోతే ధనరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

“అద్దొద్దండి. మా బోర్డు తీసి లోపల తగిలిస్తాను. ఫైటింగ్ జరిగినంతసేపూ అది బాగా కనపడాలి. అంతే.”

“కథ వింటారా సార్?”

“కథ ఏదైతే నాకెందుకండీ. అక్షరాలు కనపడితే చాలు.”

వ్యాపారంలో సరుకు చూడకుండా బయానా ఇవ్వకూడదని కొడుకుకి చెప్పిన మనిషి, ఆ రోజు కథ చూడకుండా బోర్డు ఇచ్చాడు. మొదటి రోజు చిత్రీకరణ బాగానే జరిగింది. గొడౌను మధ్యన తాళ్ళు కట్టిన చదరం, దానికి పైన బోర్డు, “లెక్కకు నమ్మకం”. పోటీ చూసే జనం కోసం ఊళ్ళో రైతులనే పిలిచారు. ఎనభై మంది ఇస్త్రీ బట్టల్లో వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో, ఉత్తరీయం వేసుకుని, బాలగంగాధరం గారు.

రెండో రోజు పొద్దున్న, ధనరాజు ఆ చిన్న లెక్క వేసుకున్న రోజునే, చిక్కు మొదలైంది. రిఫరీ వేషం కట్టాల్సిన నటుడు ముందురోజు సాయంత్రం దిండిలో హౌస్‌బోటు ఎక్కి, రొయ్యల వేపుడు నాలుగు పళ్ళాలు తిన్నాడు. తెల్లారేసరికి అతను ఏ వేషమూ కట్టే స్థితిలో లేడు. రాజ్‌కుమార్ తల పట్టుకుని గొడౌను వాకిట్లో నిలబడ్డాడు. పెరట్లోంచి ఒక గొంతు వినపడింది. బరువుగా, తొందర లేకుండా, గుడి గంటలాగా.

“…ఇరవై మూడు… ఇరవై నాలుగు… ఇరవై అయిదు.”

“ధనరాజు గారూ, ఆ గొంతు ఎవరిది?”

“మా పాపారావండి. మాస్టారి కాయలు లెక్కెడుతున్నాడు.”

“నాకు పది వరకూ లెక్కపెడితే చాలు. ఒక్క గంట ఇవ్వండి ఆయన్ని.”

ధనరాజు గబగబా ఆలోచించుకున్నాడు. బోర్డుతో పాటు మనిషి కూడా తెర మీదికి వస్తాడు. బేరంలో ఇది పైకాయ. పాపారావు అప్పటికి రెండు వేలు లెక్కపెట్టి, తువ్వాలు మీద ఇరవై ఈనె పుల్లలు వరసగా పేర్చి ఉన్నాడు. తువ్వాలు అలాగే ఉంచి లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా తొడిగి, మెడకి నల్ల బో కట్టి ఆయన్ని తాళ్ళ మధ్యకి ఎక్కించారు.

“ఏం లేదు పాపారావు గారూ. హీరో దెబ్బతిని కిందపడతాడు. మీరు పక్కన నిలబడి పది లెక్కపెట్టండి,” అన్నాడు రాజ్‌కుమార్.

“పడ్డ మనిషిని లేపకుండా లెక్కెట్టడం ఏంటండీ?”

“అది ఆట రూలు. పదిలోపు లేవకపోతే ఓడిపోయినట్టు.”

“ఆయ్. అలాగేనండి.”

హీరో పేరు సాయిరాం. కండలు తిరిగిన కుర్రాడు. దెబ్బతిని బోర్లా పడ్డాడు. పాపారావు దగ్గరకొచ్చి, ఒంగి, కుడిచేత్తో అతని భుజం తాకి, కళ్ళకద్దుకుని, “లాభం” అన్నాడు.

కింద పడి ఉన్న సాయిరాం తలెత్తి చూశాడు. రైతుల్లో ఎవరికీ అందులో తేడా కనపడలేదు. రాజ్‌కుమార్ మాత్రం కుర్చీలోంచి లేచాడు. ధనరాజు పాపారావుని సర్దబోతే ఆపాడు.

“వద్దు సార్, అలాగే ఉంచండి. లంచం తిన్న రిఫరీ ‘లాభం’ అని మొదలుపెట్టడం. రాసినా రాదు ఇది.”

“లంచమేంటండీ?” అన్నాడు ధనరాజు.

“కథే అది సార్. బాక్సింగ్‌లో జరిగే మోసాల మీద క్రైమ్ డ్రామా. ఈ రిఫరీ అవతలివాళ్ళకి అమ్ముడుపోయాడు. హీరో తొమ్మిదికల్లా లేచేవాడే. కానీ ఈయన నాలుగు తర్వాత ఎకాఎకి ఎనిమిదికి దూకేసి, పది అనేసి, ఓడగొట్టేస్తాడు. దొంగ లెక్క. సినిమాకి గుండెకాయ ఈ సీనే.”

ధనరాజు తలెత్తి చూశాడు. పాపారావు నెత్తిమీద సరిగ్గా జానెడు ఎత్తులో “లెక్కకు నమ్మకం” అని ఉంది. అక్షరాలు బాగా కనపడుతున్నాయి.

“ఆ బోర్డు తీసేద్దావండీ. పాతదైపోయింది,” అన్నాడు.

“కుదరదు సార్. నిన్నటి షాట్లన్నిట్లోనూ ఉంది. ఇప్పుడు తీస్తే కంటిన్యూటీ పోతుంది.”

రెండోసారి తీశారు. పాపారావు నాలుగు తర్వాత అయిదు అన్నాడు, ఆరు అన్నాడు, తొమ్మిది దాకా వచ్చాడు. సాయిరాం లేచాడు. పాపారావు లెక్క ఆపేశాడు.

“లేచేడు కదండీ పాపం.”

“మీరు నాలుగు తర్వాత ఎనిమిది అనాలి.”

“మజ్జిలో మూడు ఏమైపోయాయండీ?”

“దాటెయ్యాలి.”

“దాటెయ్యడం నాకు రాదండి. రేపెవరన్నా మజ్జిలో మూడు ఏవి పాపారావూ అంటే నేనేం చెప్పను?”

మూడోసారీ అంతే. నాలుగోసారి పాపారావు నాలుగు దగ్గర ఆగి, రాజ్‌కుమార్ ముఖం చూసి, నీళ్ళు నమిలి, అయిదు అన్నాడు. పదకొండయింది. పెరట్లో రాశి సగంలో ఉంది, సినిమా సగంలో ఉంది. తగిలించిన బోర్డు ఎటూ దిగదు. ఇక ఎంత త్వరగా ముగిస్తే అంత నష్టం తక్కువ అని ధనరాజు లెక్కగట్టాడు. ఆ లెక్క తప్పు కాదు. కాని ఆ మాట అనడానికి ఆయన ఎంచుకున్న క్షణం, సౌండు చూసుకునే అబ్బాయి అందర్నీ నోరు మూసుకోమని అరిచిన మరుక్షణం. ఎనభై మంది రైతులు ఊపిరి బిగబట్టి కూర్చున్న నిశ్శబ్దంలో ధనరాజు గొంతు ఖంగుమంది.

“పాపారావూ, నాలుగు తరవాత ఎనిమిది అనెయ్యవయ్యా. అడిగేవాడెవడూ లేడు. నేను చూసుకుంటాను.”

యజమాని మాట. పాపారావు తలాడించాడు. ఈసారి భుజం తాకి, “లాభం, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, తొమ్మిది, పది” అని ఎక్కడా తడబడకుండా, నిండుగా, నిదానంగా అనేశాడు. మధ్యలో మూడంకెలు అసలు ఏ భాషలోనూ లేనట్టే అనిపించింది.

“ఓకే,” అన్నాడు రాజ్‌కుమార్ సంతోషం పట్టలేక. “అద్భుతం పాపారావు గారూ. మొదటిసారి చేసినవాడిలా లేరు మీరు.”

ముందు వరసలో ఉత్తరీయం కదిలింది. బాలగంగాధరం గారు లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా, గొడౌను దాటి పెరట్లోకి నడిచారు. ధనరాజు వెనకాలే పరిగెత్తాడు.

పెరట్లో రాశి ఉంది. లెక్కపెట్టిన గుట్ట ఉంది. మధ్యన తువ్వాలు లేదు.

“తువ్వాలేదీ?” అన్నారు మాస్టారు.

తువ్వాలు సాయిరాం మెడలో ఉంది. బాక్సరు మెడలో వేయడానికి బాగా నలిగిన తువ్వాలు కావాలంటే, సినిమావాళ్ళలో ఎవరో పెరట్లోకి వచ్చి, పుల్లలు దులిపేసి, తీసుకుపోయారు.

“మరి పుల్లలు?”

పెరడు ఊడ్చే మరిడమ్మ చీపురు పక్కన పెట్టింది. “ఇక్కడ పడున్నాయని ఊడ్చేసేనండి. షూటింగోళ్ళు సుబ్బరంగా ఉండాలన్నారు కదా.”

“ఎంతవరకూ వచ్చింది లెక్క?” మాస్టారు పాపారావు వైపు తిరిగారు. ఆయన ఇంకా నల్ల బోతోనే ఉన్నాడు.

“రెండు వేలండి. పైన కొసరు ఎనభై.”

“అంకెలు మింగే నోరు విసుర్లు మింగదా? నాలుగు తర్వాత ఎనిమిది వేసిన రెండు వేలా, అయిదు వేసిన రెండు వేలా?”

 నలభై ఏళ్ళలో పాపారావుని ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పటికే గొడౌనంతా ఖాళీ అయి పెరట్లోకి వచ్చింది. ఒక రైతు తన ఫోనులో పట్టిన ముక్కని వినిపిస్తున్నాడు. “అడిగేవాడెవడూ లేడు. నేను చూసుకుంటాను.” మళ్ళీ నొక్కాడు. “నేను చూసుకుంటాను.”

“అది సినిమా కోసం అన్న మాటండీ,” అన్నాడు ధనరాజు.

“మరేనండి, సినిమాకే అన్నారు. మీ మనిషికి అంత బాగా ఎలా వచ్చిందా అని చూత్తన్నాం,” అన్నాడు ఫోను రైతు, చాలా మర్యాదగా.

“పోయిన వైశాఖంలో మా ఆరు వేలూ చూసుకున్నారా, ఏంటండీ?” అన్నాడు ఇంకొకాయన.

“మా బావగారు అప్పుడే అన్నారు. అవతలి గట్టుకెళ్తే తగువుంటది గాని దగా ఉండదని.”

ఎవరూ గొంతు పెంచలేదు. అందరూ అండీ అనే అంటున్నారు. ధనరాజుకి భయం వేసింది అందుకే. తిట్టిన రైతు మర్నాడు మళ్ళీ వస్తాడు. అండీ అని వెళ్ళిన రైతు కాలవ దాటాడంటే మళ్ళీ రాడు. రేపటి నుంచి ఎనభై మంది ఎనభై లెక్క మనుషులతో వస్తే, పాపారావు నోటికి విలువ ఉండదు. అదీ లేకపోతే ఈ గట్టుకీ ఆ గట్టుకీ తేడా ఏముంది?

ఇంతలో రాజ్‌కుమార్ పరిగెత్తుకొచ్చాడు. “అందరూ లోపలికి రండి సార్. జనం కేకలేసే షాటు మిగిలి ఉంది. టైము పోతోంది.”

“మా కాయలు తేలితే గాని రావండి,” అన్నారు మాస్టారు. “ధనరాజూ, ఈ గుట్ట మళ్ళీ లెక్కపెట్టించు. నీ మనిషి కాదు, నా మనిషీ కాదు. ఈ ఊళ్ళో ఎవరికీ ఏమీ కానివాడు లెక్కపెట్టాలి.”

అందరి చూపులూ ఒకచోట ఆగాయి. ముఖం మీద రంగు నెత్తురుతో, మెడలో పాపారావు తువ్వాలుతో, సాయిరాం గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అతని చేత గ్లవ్స్ విప్పించి గుట్ట ముందు కూర్చోబెట్టారు. చేతికి రెండు కాయలు పట్టుకోవడం అతనికి చేతకాలేదు. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. ఇంగ్లీషులో మొదలుపెడితే మాస్టారు ఒప్పుకోలేదు. తెలుగులో పెడితే అరవై తొమ్మిది తర్వాత ఏం వస్తుందో అతనికి తెలియలేదు. చివరికి అతను ఇంగ్లీషులో అనడం, మాస్టారు తెలుగులో చెప్పడం, రైతులంతా తలూపడం అనే ఒప్పందానికి వచ్చారు. ఒంటిగంటకి జనం కోసం తెప్పించిన పులిహోర పెరట్లోకే వచ్చింది. తింటూనే తలూపారు. రెండున్నరకి సాయిరాం భుజాలు నొక్కుకున్నాడు. నెలన్నర బాక్సింగ్ నేర్చుకున్నప్పుడు కూడా ఇంత నొప్పి లేదన్నాడు. ఇందిర గిన్నెతో మజ్జిగ తెచ్చి, “తాగు బాబూ, నీకెందుకొచ్చిన గొడవ ఇది,” అంది.

ధనరాజు మాత్రం గుక్క నీళ్ళు తాగలేదు. కొసరుతో కలిపి రెండు వేల ఎనభై ఉండాలి. అంతకన్నా ఒక్క కాయ ఎక్కువ తేలినా తను దొంగ. ఆ గుట్టలో ప్రతి కాయా తన మీద సాక్ష్యం చెప్పడానికి వరసలో నిలబడినట్టుంది.

మూడుంబావుకి చివరి కాయ పక్కకి చేరింది.

“రెండు వేలు,” అన్నారు మాస్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, సాయిరాంని మళ్ళీ అడిగి, తన కాయితం మీద గీతలు మళ్ళీ చూసుకుని, “సరిగ్గా రెండు వేలు,” అన్నారు.

“నే చెప్పింది అదే కదండీ,” అన్నాడు పాపారావు. 

ధనరాజు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పీల్చింది వదలబోతుండగా మాస్టారు వేలెత్తారు.

“ఆగు. నువ్వు చెప్పింది రెండు వేలు, పైన కొసరు ఎనభై. ఎనభై ఏవి?”

 రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎక్కువ తేలితే ఏమనాలో అందరూ సిద్ధం చేసుకుని ఉన్నారు. తక్కువ తేలితే ఏమనాలో ఎవరూ అనుకోలేదు.

“పాపారావూ, ఒక వంద లెక్కెట్టి చూపించు. నీ పద్ధతిలోనే,” అన్నాడు ధనరాజు.

సాయిరాం మెడలోంచి తువ్వాలు తీసి ఇచ్చాడు. పాపారావు దాన్ని పరిచి, ఒంగి, కుడిచేత్తో రాశిని తాకి, కళ్ళకద్దుకుని, “లాభం” అన్నాడు. “రెండు” అంటూ నాలుగు కాయలు వేశాడు.

“అంకుల్, ఒక్క నిమిషం,” అన్నాడు సాయిరాం. “లాభం అన్నప్పుడు మీ చేతిలో కాయలు లేవు. పొద్దున్న నా భుజం మీద చెయ్యి పెట్టినప్పుడే అనుకున్నాను, ఇది ఏదో దణ్ణం లాగుందని.”

“దణ్ణమే కదండీ,” అన్నాడు పాపారావు ఆశ్చర్యంగా. “లాభానికి కాయలెందుకండీ? ముందు రాశికి దణ్ణం, తరవాత లెక్క. మా నాన్న అలాగే నేర్పేడండి.”

“మరి ఇరవై అయిదు అనేసరికి ఎన్ని విసుర్లు పడ్డట్టు?”

పాపారావు వేళ్ళు మడిచి చూసుకున్నాడు.   పెరట్లో ఎనభై మంది పెదాలు ఒక్కసారే కదలడం మొదలుపెట్టాయి. ఇరవై నాలుగు విసుర్లంటే తొంభై ఆరు. ఆపైన కొసరు నాలుగు, మొత్తం వంద. అంటే వందకి నాలుగు చొప్పున తాము ఇస్తున్నామనుకున్న కొసరులో, ఇన్నేళ్ళూ ఒక్క కాయ కూడా ఇవ్వలేదు.

ధనరాజు పెదాలు కూడా కదిలాయి. ఆయన లెక్క మిగతావాళ్ళ కన్నా త్వరగా అయిపోయింది. నలభై ఏళ్ళు. ఏడాదికి ఇన్ని లక్షల కాయలు. వందకి నాలుగు. అందరూ దొంగతనం అన్నది తను చేయనే లేదు. దొంగన్న మాట పడ్డాడు, దొంగతనం మీద రావలసింది మాత్రం రాలేదు.

“సరే,” అన్నాడు గొంతు సవరించుకుని. “తెలియక జరిగింది. పోయినదాని గురించి నేనేం అడగను. రేపటి నుంచి లాభం దగ్గర కూడా చేతిలో కాయలుంటాయి.”

“అదేంటండీ?” అన్నాడు ఫోను రైతు, ఫోను జేబులో పెట్టుకుంటూ. “లెక్క మార్చేత్తారా?”

“సరిచేస్తానంటున్నాను.”

“నలభై ఏళ్ళ లెక్కండి అది. దాన్ని మార్చేరంటే ఇంక నమ్మకం ఏముంటదండీ? లోపల బోర్డు మీద అంత పెద్దక్షరాలు రాయించుకున్నారు.”

“మా పాపారావు చెయ్యి చూసే కదండీ మేం ఇక్కడికొచ్చేది,” అన్నాడు వైశాఖం రైతు. “కొత్త లెక్కే కావాలంటే అవతలి గట్టున ఉందండి.”

ధనరాజు మాస్టారి వైపు చూశాడు. ఈ పెరట్లో ధర్మం గురించి ఎక్కువ మాట్లాడిన మనిషి ఆయనే. బాలగంగాధరం గారు ఉత్తరీయం సర్దుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకున్నారు.

“సంప్రదాయం అన్నది పెద్దలు ఊరికే పెట్టలేదు ధనరాజూ,” అన్నారు. “రాశికి దణ్ణం పెట్టే చేతిలో కాయలుండటం బాగుండదు.”

“పోనీ కొసరు తీసేద్దావండీ. అది ఎత్తేసి, ఆ నాలుగూ లెక్కలోనే వేసి, వందకి వంద చేద్దాం. ఎవరికీ నష్టం లేదు. మీరే కదా అధర్మం అన్నారు.”

మాస్టారు మనసులో వేసి చూసుకున్నారు. కొసరు తీసేస్తే ఇప్పుడున్నట్టు వందకి వందే వెళ్తుంది. ఉంచినా అంతే. కాని ఉంచితే, ఇచ్చినట్టు ఉంటుంది.

“ఉండనీ. నీకు మాత్రం ఏం మిగులుతుంది, ఉంచు,” అన్నారు దయగా.

“పాతికేళ్ళు దొంగతనం అన్నారండీ.”

“ఇస్తున్నాననుకున్నప్పుడు అన్న మాట అది.”

తగువు అలా తీరిపోయింది. రైతులు చేతులు కడుక్కుని, ఇస్త్రీ నలిగిన చొక్కాలు సర్దుకుని, మళ్ళీ గొడౌన్లో తమ తమ చోట్లలో కూర్చున్నారు. రాజ్‌కుమార్ ఊపిరి పీల్చుకుని, చెయ్యాల్సింది చెప్పాడు. రిఫరీ నాలుగు తర్వాత ఎనిమిది అనగానే జనమంతా లేచి నిలబడాలి. మోసం మోసం అని అరవాలి. చెప్పులు చూపించాలి.

పాపారావు “నాలుగు, ఎనిమిది” అన్నాడు. ఎవరూ లేవలేదు.

“కట్. అరవండి సార్. ఆయన దొంగ లెక్క పెట్టాడు.”

“పాపారావునాండీ?” అన్నాడు వైశాఖం రైతు. “మాకు బాగానే ఉందండి ఆయన లెక్క.”

“కళ్ళెదుట మూడంకెలు మింగేశాడు కదా!”

“పెద్దమనిషండి. ఏదో పద్ధతి ఉండే ఉంటది.”

నాలుగుసార్లు తీశారు. నాలుగుసార్లూ ఎనభై మంది చేతులు కట్టుకుని, పాపారావు వైపు గౌరవంగా చూస్తూ కూర్చున్నారు. వెలుగు పోయింది. రాజ్‌కుమార్ తెర మీద ఆ ముఖాలు చూసుకుని, చూసుకుని, ఇంక అరవమనలేదు. ఇన్నాళ్ళూ తను మోసం అంటే కేకలనుకున్నానని, నిజంగా భయం వేసేది ఇదేనని పక్కవాడితో అన్నాడు. సీను అలాగే ఉంచేశాడు. రెండు రాష్ట్రాలకీ తెలియాల్సిన బోర్డు దాని పైనే ఉంది, అక్షరం పోకుండా.

మర్నాడు పొద్దున్న మాస్టారి మిగతా కాయలు లెక్కకి వచ్చాయి. పాతికేళ్ళలో మొదటిసారి ఆయన స్వయంగా వచ్చి, పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పాపారావు తువ్వాలు పరిచాడు. ఒంగి, ఖాళీ చేత్తో రాశిని తాకి, కళ్ళకద్దుకుని, ధనరాజు వైపు ఒకసారి చూశాడు. కళ్ళలో అడుగుతున్నట్టుంది. ధనరాజు తలాడించాడు.

“లాభం,” అన్నాడు పాపారావు.

“ఆయ్,” అన్నారు మాస్టారు భక్తిగా, రెండు చేతులూ జోడించి.

ఇందిర పిల్లుల పాలగిన్నె పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. అటక మెట్ల మీద పిల్లులు రెండూ లేచి ఒళ్ళు విరుచుకున్నాయి. ధనరాజు లేచి వెళ్ళి ఆ గిన్నె అందుకుని, రాత్రికి తోడెట్టమని చెప్పాడు.